షిఫ్టులో అందరూ ‘మనవాళ్లే’ కావాలంటే: కొత్తగా ఇన్‌ఛార్జి అయినవారికి

మొన్నటిదాకా మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే రియాక్టర్ పక్కన నిలబడి అరగంటకోసారి టెంపరేచర్ రాసిన మీరే ఇప్పుడు ఆ కాగితం కింద సంతకం పెడుతున్నారు. మీ కింద ముగ్గురు కెమిస్టులు, ఎనిమిది మంది ఆపరేటర్లు, పది పన్నెండు మంది హెల్పర్లు. ఎస్‌ఓపీల (పని చేయాల్సిన పద్ధతి రాసిన కాగితాల) మీద, బ్యాచ్ రికార్డుల మీద, సేఫ్టీ మీద కంపెనీ మీకు శిక్షణ ఇచ్చే ఉంటుంది. ఈ పాతికమందితో ఎలా మెలగాలో మాత్రం ఎవరూ చెప్పి ఉండరు. నాకూ చెప్పలేదు. బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు తయారుచేసే) యూనిట్లలో ట్రైనీగా చేరి పద్దెనిమిదేళ్లయింది, అందులో పదకొండేళ్లు షిఫ్టులు నడిపాను. ముందే తెలిసి ఉంటే నావల్ల కొందరికి కష్టం తప్పేది కదా అనిపించిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. జీడిమెట్ల అయినా, పాశమైలారం అయినా, పరవాడ, పైడిభీమవరం అయినా ప్లాంటు లోపలి మనుషుల బాధలు దాదాపు ఒకటే.

‘ఇది నా చోటు, నేనొక రోజు రాకపోతే వీళ్లకు తెలుస్తుంది’ అని పనిచేసేవాడికి అనిపించాలి. కంపెనీలు దాన్ని పండగలతో తెద్దామని చూస్తాయి. బతుకమ్మ ఆడిస్తారు, ఉగాదికి పచ్చడి పంచుతారు, పుట్టినరోజుకు కేకు కోయిస్తారు. అవి వద్దనను. కానీ ఆ నాలుగైదు రోజులు పోగా మిగతా మూడొందల రోజులూ అతను చూసేది మీ ముఖం. లీవు అడిగితే ఏమన్నారు, తప్పు జరిగితే ఎక్కడ నిలబెట్టి మాట్లాడారు, పైవాళ్ల ముందు ఎవరి పేరు చెప్పారు, ఇవన్నీ గుర్తుంటాయి. అతనికి కంపెనీ అంటే ప్లాంట్ హెడ్ కాదు, మీరే.

ముందుగా ‘మనవాడు’ అన్న మాట దగ్గర ఆగండి

మన ప్లాంట్లలో రోజూ వినపడే మాట ఇది. ‘వాడు మనవాడేలే’ అంటే పని కాస్త అటూ ఇటూ అయినా చూసీచూడనట్టు పోదామని అర్థం. ఆ మాట వెనక ఊరుంటుంది, జిల్లా ఉంటుంది, చదివిన కాలేజీ ఉంటుంది, చాలాసార్లు కులం ఉంటుంది. పాతికమందిలో ఐదుగురు మనవాళ్లయితే మిగతా ఇరవై మందీ ఎవరు? వాళ్లకు ఆ సంగతి మీకన్నా ముందే తెలిసిపోతుంది.

ఇది మనకు మాత్రమే ఉన్న జబ్బేమీ కాదు. 1975లో అమెరికాలో డాన్సెరో, గ్రేన్, హాగా అనే ముగ్గురు పరిశోధకులు ఒక సంగతి చూపించారు. ఒక అధికారి తన కింది వాళ్లందరితో ఒకేలా ఉండడు. కొందరిని లోపలివాళ్లుగా చేసుకుంటాడు, వాళ్లతో సలహాలు, నమ్మకం, మంచి పనులు పంచుకుంటాడు. మిగతావాళ్లతో డ్యూటీ మేరకే ఉంటాడు. ఆ తర్వాత 1993లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా కలవరపెట్టేది. అధికారి, కింది మనిషి ఒకరి మీద ఒకరు మొదటి ఐదు రోజుల్లో పెట్టుకున్న అంచనాలను బట్టే రెండు వారాలకు, ఆరు వారాలకు వాళ్ల సంబంధం ఎలా ఉంటుందో చెప్పగలిగారు. అంటే మనిషి పని పూర్తిగా చూడకముందే మన మనసు ఒక గీత గీసేస్తుంది. ఆ గీత ఎక్కడ పడిందో మీరే వెతికి పట్టుకోవాలి. అడిగితే ఎవరూ చెప్పరు.

ఒక చిన్న నోటు పుస్తకం కొనండి

కంపెనీ డైరీ వద్దు. జేబులో పట్టే మీ సొంత పుస్తకం. షిఫ్టులో ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక పేజీ ఇవ్వండి, కాంట్రాక్టు హెల్పర్లకు కూడా. మొదటి వారం ఒకటే పని: పేర్లు. అతని పేరు అతను పలికినట్టే నేర్చుకోండి. ‘ఏయ్ ఒడియా’, ‘ఓ బీహారీ’, ‘సెంట్రిఫ్యూజ్ వాడు’ అని పిలవడం ఆ వారంతో మీ షిఫ్టులో ఆగిపోవాలి. మీరు ఆపితే మిగతావాళ్లు కూడా ఆపుతారు. నోటీసు అక్కర్లేదు, మీరు పేరుతో పిలవడం నాలుగుసార్లు వింటే చాలు.

పేర్ల గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో పేలుడు జరిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. అక్కడ పనిచేసేవాళ్లలో చాలామంది బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా లాంటి రాష్ట్రాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. తమవాళ్లు ఏమయ్యారో తెలియక కుటుంబాలు రోజుల తరబడి ఎదురుచూశాయి, మృతులను గుర్తించడానికి డీఎన్ఏ పరీక్షలు చేయాల్సి వచ్చింది. ఆ వార్తలు చదివిన రాత్రి నేను నా పుస్తకం తీసి, ఈ క్షణాన మా బ్లాకులో ఎవరెవరున్నారో కాగితం చూడకుండా రాయగలనా అని ప్రయత్నించాను. ఇద్దరి పేర్లు రాలేదు. ఇద్దరూ కాంట్రాక్టు వాళ్లే. మీరూ ఒకసారి ప్రయత్నించండి.

రెండో వారం నుంచి ఆ పేజీల్లో చిన్న చిన్న సంగతులు రాసుకోండి. ఇంట్లో ఎవరున్నారు, ఎక్కడి నుంచి వస్తారు, ఏ పని బాగా చేస్తారు, ఏ పని నేర్చుకోవాలని ఉంది. ఇవి ఇంటర్వ్యూలా అడగొద్దు. టీ తాగేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు మాటల్లో వస్తాయి.

ఒక్క ప్రశ్న మాత్రం మానేయండి. ‘ఇంటిపేరేంటి?’ అని అడగడం. మామూలుగానే అడిగాం అనుకుంటాం కానీ, ఎదుటివాడికి ఆ ప్రశ్న ఎక్కడికి పోతోందో తెలుసు. ‘మీది ఏ ఊరు? ఊళ్లో ఎటువైపు?’ అన్నదీ అంతే. నేను ట్రైనీగా చేరినప్పుడు మా ఇన్‌ఛార్జి మూడో రోజే నా ఇంటిపేరు అడిగారు. చెప్పాక ఆయన ముఖంలో వచ్చిన మార్పు చిన్నదే. కానీ ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఆయన టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగలేదు, ఆయన పిలవలేదు. నాకు పని నేర్పింది పక్క షిఫ్టులో ఉన్న ఒక సీనియర్ ఆపరేటర్. ఆ మనిషి నన్ను అడిగిన మొదటి మాట ‘తిన్నావా?’ అని.

మీరు, నువ్వు, ఒరేయ్

ఇంగ్లీషులో అందరినీ ఒకే మాటతో పిలిచేస్తారు. మనకు ఆ సౌకర్యం లేదు. ఎవరిని ‘మీరు’ అంటున్నారు, ఎవరిని ‘నువ్వు’ అంటున్నారు, ఎవరిని ‘ఒరేయ్’ అంటున్నారు అనేదాన్ని బట్టే షిఫ్టులో మెట్లు కట్టేస్తారు. చాలా ప్లాంట్లలో పాతికేళ్ల కెమిస్టు ‘సార్’, యాభై ఏళ్ల హెల్పరు ‘ఒరేయ్’. ఇది మార్చడానికి బడ్జెట్ అవసరం లేదు, హెచ్‌ఆర్ అనుమతి అవసరం లేదు.

నా సలహా: షిఫ్టులో అందరికీ ‘మీరు’. మీకన్నా పెద్దవారైన ఆపరేటర్లకు పేరు చివర ‘గారు’, లేదా అక్కడి అలవాటును బట్టి ‘అన్నా’. హిందీలో మాట్లాడేవాళ్లతో ‘ఆప్’. మొదట్లో ఇబ్బందిగా ఉంటుంది, కొందరు నవ్వుతారు కూడా. రెండు వారాలు పట్టు వదలకండి. నిన్నటిదాకా మీతో కలిసి పనిచేసి, ఇప్పుడు మీ కిందికి వచ్చిన స్నేహితుల సంగతి వేరు. వాళ్లను పక్కకు పిలిచి ముందే చెప్పేయండి: ‘రూములో మనం ఎప్పటిలాగే ఉందాం, షిఫ్టులో మాత్రం నీకో రూలు, ఇంకొకరికో రూలు పెట్టలేను. నువ్వే నాకు సాయం చెయ్యాలి.’ చాలామంది అర్థం చేసుకుంటారు. చెప్పకుండా హఠాత్తుగా బిగుసుకుపోతేనే మనసు విరుగుతుంది.

కొత్తవారు చేరిన రోజు

కొత్తగా వచ్చినవారు ఆ రోజు సాయంత్రం ఇంట్లో ఏం చెబుతారో ఆలోచించండి. ‘గేటు దగ్గర గంటన్నర కూర్చోబెట్టారు, సైజు సరిపోని షూ ఇచ్చారు, మధ్యాహ్నం క్యాంటీన్ ఎక్కడో తెలియక తినలేదు’ అని చెప్పే పరిస్థితి రాకూడదు. ముందు రోజే లాకర్, షూ, హెల్మెట్, క్యాంటీన్ కూపన్, బస్సు పాయింటు చూసిపెట్టండి. ఒక పాత మనిషిని తోడిచ్చి ‘ఈ వారమంతా మీతోనే భోజనం చేస్తారు’ అని చెప్పండి. భోజనం సంగతి నేను ఊరికే అనడం లేదు. క్యాంటీన్‌లో ప్లేటు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియక నిలబడిన ఆ నిమిషం చాలామంది ఏళ్ల తరబడి మరిచిపోరు. మొదటి రోజు మీరే పక్కన కూర్చోండి.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. అది ఇచ్చారో లేదో అడిగి తెలుసుకోండి. ఇవ్వడం మీ పని కాకపోవచ్చు, అడగడం మాత్రం మీరు చేయగలరు.

షిఫ్టు మొదట్లో పది నిమిషాలు

పాత షిఫ్టు నుంచి చార్జి తీసుకున్నాక అందరినీ ఒకచోట నిలబెట్టి మాట్లాడండి. ఇవాళ ఏ బ్యాచ్ ఎక్కడుంది, ఎక్కడ జాగ్రత్త పడాలి, ఎవరు ఏ పని చేస్తారు. తెలుగు రానివాళ్లు ఉంటే అదే మాట హిందీలో కూడా చెప్పండి. మీకు హిందీ సరిగ్గా రాకపోతే వచ్చినవారిచేత చెప్పించండి, తర్వాత విన్నవారిచేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి. తలూపడం అంటే అర్థమైందని కాదు.

చివర్లో ‘ఎవరికైనా డౌట్లున్నాయా?’ అంటే ఎవరూ నోరు విప్పరు. పేరు పెట్టి అడగండి: ‘మీరు నిన్న డ్రయ్యర్ దగ్గర ఉన్నారు కదా, ఇవాళ నేను చూడాల్సింది ఏమైనా ఉందా?’ రోజుకు ఇద్దరిని, మార్చి మార్చి. మొదట రెండు మూడుసార్లు ‘ఏం లేదు సార్’ అంటారు. నాలుగోసారి చెబుతారు. చెప్పినదాని మీద ఏదో ఒకటి చేయండి, చేయలేకపోతే ఎందుకు చేయలేదో మర్నాడు వచ్చి చెప్పండి. అడిగి వదిలేయడం కన్నా అసలు అడగకపోవడం మేలు.

షిఫ్ట్ చార్టు, లీవులు

ఇన్‌ఛార్జి మీద నమ్మకం ఉండేదీ పోయేదీ ఎక్కువగా ఇక్కడే. కాబట్టి దీనికి ఓపికగా సమయం పెట్టండి.

వచ్చే నెల చార్టు ఈ నెల 20వ తేదీకల్లా గోడ మీద ఉండాలి. ఆఖరి రోజు రాత్రి వాట్సాప్‌లో పెట్టే చార్టు మనిషి బతుకును మీ చేతిలో ఉంచుకోవడమే. పిల్లల స్కూలు మీటింగు, అమ్మ డాక్టరు అపాయింట్‌మెంటు, చెల్లెలి పెళ్లిచూపులు, ఏదీ ముందుగా అనుకోలేడు. నైట్ షిఫ్టులు, ఆదివారపు డ్యూటీలు ఎవరికి ఎన్ని పడ్డాయో మూడు నెలలకోసారి లెక్క వేసి ఆ లెక్క కూడా చార్టు పక్కనే అతికించండి. నేను మొదటిసారి వేసినప్పుడు నాకు ఇష్టమైన ఇద్దరికి అందరికన్నా తక్కువ నైట్లు పడ్డాయి. కావాలని చేయలేదు. అయినా పడ్డాయి.

పండగల సంగతికి వస్తే, తెలుగువాళ్లలోనే ఒక సర్దుబాటు కుదురుతుంది. ఆంధ్ర నుంచి వచ్చినవాళ్లకు సంక్రాంతి ముఖ్యం, తెలంగాణవాళ్లకు దసరా, బతుకమ్మ. వాళ్లలో వాళ్లు మార్చుకోవడానికి మీరు మధ్యవర్తిగా ఉంటే చాలు. రంజాన్, క్రిస్మస్ కూడా అదే పేజీలో రాసుకోండి. కానీ మన క్యాలెండర్‌లో ఎర్రంకెలు లేని పండగలు కూడా మీ షిఫ్టులో ఉంటాయి. బీహార్ వాళ్లకు దీపావళి తర్వాత ఆరో రోజున వచ్చే ఛఠ్ మనకు సంక్రాంతి ఎంతో అంత. ఒడిశా వాళ్లకు జూన్ నడుమ రజ పండగ ఉంటుంది. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు, తెరిచిన కాసేపటికే ఆ రోజుల టికెట్లు అయిపోతాయి. అందుకని ఛఠ్‌కి ఎవరు వెళ్లాలో ఆగస్టులోనే మాట్లాడి తేల్చేయండి. ‘పండగ దగ్గరికొచ్చాక చూద్దాం’ అన్నారంటే, జనరల్ బోగీలో ఒంటికాలి మీద నిలబడి వెళ్లమన్నట్టే.

లీవు ఇవ్వలేని రోజులుంటాయి. అప్పుడు ‘కుదరదు’ అని తల తిప్పుకోవద్దు. ‘ఆ రోజు రెండు రియాక్టర్లు చార్జింగ్‌లో (సరుకు నింపే పనిలో) ఉన్నాయి, ఇద్దరు ఆపరేటర్లు ఇప్పటికే లీవులో ఉన్నారు. పదో తేదీ నుంచి ఇవ్వగలను, ఇప్పుడే రాస్తున్నాను’ అని చెప్పి అతని ముందే పుస్తకంలో రాయండి. రాసిన మాట తప్పొద్దు. చావు, ఆసుపత్రి విషయమైతే రుజువులు అడక్కండి, చార్టు చూడకండి. ముందు పంపించండి, బస్సు చార్జీలకు ఉన్నాయో లేదో అడగండి. ఆ ఖాళీని ఎలా పూడ్చాలో తర్వాత మీరు ఆలోచించుకోవచ్చు. తిరిగొచ్చిన రోజు పలకరించకుండా పని చెప్పొద్దు.

తప్పు జరిగినప్పుడు

ఇది నా చేతులారా జరిగింది, అందుకే దాచకుండా చెబుతాను. ఇన్‌ఛార్జి అయిన రెండో ఏడు. ఒక హెల్పరు డ్రమ్ముల లెక్క తప్పు చెప్పాడు. చార్జింగ్‌కి ముందే దొరికింది, నష్టమేమీ లేదు. కానీ నేను అందరి ముందూ, ఆడవాళ్ల ముందు కూడా, అరిచాను. ‘లెక్కపెట్టడం రానోణ్ణి ఎవరు పెట్టుకున్నార్రా?’ అన్నాను. అతను ఏమీ అనలేదు. మూడు వారాల తర్వాత ఒక నైట్ షిఫ్టులో బాటమ్ వాల్వ్ దగ్గర గ్యాస్‌కెట్ నుంచి చుక్క చుక్కగా టోలుయిన్ (నిప్పు ఇట్టే అంటుకునే ద్రవం) కారుతుండటం అతను చూశాడు. ఎవరికీ చెప్పలేదు. దాదాపు రెండు గంటల తర్వాత వాసన పట్టి నేను వెళ్లేసరికి కింద నేలంతా తడిసి ఉంది. నిప్పురవ్వ తగలలేదు కాబట్టి ఇవాళ రాస్తున్నాను. ‘ఎందుకు చెప్పలేదు?’ అంటే అతనన్నాడు, ‘మళ్లీ నేనే చేశానంటారనుకున్నా సార్’ అని. ఆ రాత్రి తప్పు అతనిదని నేను ఎప్పుడూ అనుకోలేదు.

అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు 1990ల్లో ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను లెక్కించారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, కాగితాల మీద వాటిలోనే ఎక్కువ కనపడ్డాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం కాదు, చేసినవి భయపడకుండా చెప్పుకోవడం అందుకు కారణమని ఆమె తేల్చారు. మీ షిఫ్టులో డీవియేషన్లు (పద్ధతి తప్పిందని రాసే నివేదికలు) అసలు రావడం లేదంటే పొంగిపోకండి. తప్పులు జరగడం లేదేమో, లేదా మీదాకా రావడం లేదేమో చూసుకోండి.

మరి ఏం చేయాలి? తప్పు కనపడగానే ముందు పని సురక్షితం చేయండి, మనిషి సంగతి తర్వాత. కోపంగా ఉంటే అరగంట ఆగండి. పక్కకు తీసుకెళ్లి, ఏం జరిగిందో అతని నోటితో మొదటినుంచీ విని, అప్పుడు మీకు కనపడింది చెప్పండి. ‘నువ్వెప్పుడూ ఇంతే’ అన్న మాట వద్దు. ఇవాళ ఈ రీడింగు, ఈ వాల్వు, ఇంతవరకే. తనంతట తాను వచ్చి తప్పు చెప్పినవారికి ముందు ‘చెప్పి మంచి పని చేశారు’ అనండి, ఆ తర్వాతే మిగతా మాటలు. చెప్పకుండా దాచినదానికి మాత్రం గట్టిగానే ఉండండి. బ్యాచ్ రికార్డులో లేని రీడింగు ఉన్నట్టు రాస్తే ఊరుకోకూడదు. ఆ మందు ఎవరో ఒకరి ఒంట్లోకి పోతుంది. ప్రేమగా ఉండటమంటే దాన్ని కప్పిపెట్టడం కాదని మీవాళ్లకు ముందే తెలియాలి.

తప్పు మీదైతే, అందరి ముందు తిట్టినది అందరి ముందే సరిదిద్దండి. నేను ఆ హెల్పరుకు మర్నాడు షిఫ్టు మొదట్లో, అందరూ నిలబడి ఉండగా క్షమాపణ చెప్పాను. మాట తడబడింది. అయినా చెప్పాను. ఆ తర్వాత నుంచి చిన్న చుక్క కారినా అతనే పరుగెత్తుకొచ్చేవాడు.

గేటు బయట తీసుకునే నిర్ణయాలు

ఎవరిని కొత్త రియాక్టర్ మీద వేయాలి, ఎవరికి ట్రైనింగ్ ఇప్పించాలి అన్నవి చాలాసార్లు గేటు బయట టీ కొట్టు దగ్గరో, శనివారం రాత్రి సిట్టింగ్‌లోనో తేలిపోతాయి. అక్కడికి ఆడవాళ్లు రారు. తాగనివాళ్లు రారు. కాంట్రాక్టు వాళ్లను పిలవరు. సోమవారం చార్టు చూస్తే సిట్టింగ్‌లో ఉన్నవాళ్ల పేర్లే పైన ఉంటాయి. స్నేహాలు మానుకోమని చెప్పను. కానీ పనికి సంబంధించిన మాట అక్కడ వస్తే ‘ఇది రేపు ప్లాంటులో మాట్లాడదాం’ అనేయండి. మంచి అవకాశం ఏది వచ్చినా నోటు పుస్తకం తిరగేసి, ఇంతవరకు ఏ అవకాశమూ రానివారి పేజీ ముందు చూడండి.

ఆడవాళ్లకు నైట్ డ్యూటీ వేస్తే వాళ్ల సమ్మతి ఉండాలి, ఇంటి దాకా వాహనం ఉండాలి, శుభ్రమైన టాయిలెట్ దగ్గర్లో ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ‘వాళ్లకు పని మీద శ్రద్ధ లేదు’ అనే హక్కు మనకు లేదు. పది మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే ప్రతిచోటా 2013 చట్టం ప్రకారం లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి, ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు చేయాలి. ఆ కమిటీలో ఎవరున్నారో మీకు తెలిసుండాలి. ఎవరైనా మీ దగ్గరికి వచ్చి చెబితే సర్దిచెప్పే ప్రయత్నం చేయొద్దు, రాజీ కుదర్చొద్దు. విని, నమ్మకంగా కమిటీ దాకా తీసుకెళ్లండి.

కాంట్రాక్టు వాళ్లతో

వాళ్ల జీతం మీ చేతిలో లేదు. అబద్ధపు ఆశ చూపించొద్దు. ‘నేను పర్మనెంట్ చేయిస్తా’ అని ఎప్పుడూ అనకండి. ఆ మాట నమ్మి పెళ్లి సంబంధం ఖాయం చేసుకున్నవాళ్లను నేను చూశాను. మీ చేతిలో ఉన్నవి చాలా ఉన్నాయి. అదే నీళ్ల క్యాన్, అదే క్యాంటీన్ బల్ల, చిరిగితే అదే రోజు మార్చే గ్లవ్స్. సెంట్రిఫ్యూజ్ అన్‌లోడింగ్ లాంటి నడుము విరిగే పని రోజూ ఒకరికే పడకుండా తిప్పడం.

ఈఎస్‌ఐ (కార్మికుల ఆరోగ్య బీమా) గురించి కూడా అడగండి. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉన్నవారికి అది వర్తిస్తుంది, కుటుంబానికీ వైద్యం అందుతుంది. కార్డు లేదని, ఉన్నా పని చేయదని తెలియక ప్రైవేటు ఆసుపత్రిలో అప్పు చేసినవాళ్లు ప్రతి షిఫ్టులో ఒకరైనా ఉంటారు. పీఎఫ్ యూఏఎన్ నంబరు వాళ్ల ఫోనుకు లింకయిందో లేదో టీ సమయంలో చూసిపెడితే ఐదు నిమిషాల పని.

పైవాళ్ల దగ్గర

నెలవారీ మీటింగులో ‘మా షిఫ్టు ఈల్డ్ (దిగుబడి) పెరిగింది’ అని ఆగిపోకండి. ఎవరి సూచన వల్ల పెరిగిందో పేరు చెప్పండి, అలా చెప్పానని తిరిగొచ్చి ఆ మనిషికీ చెప్పండి. తిట్లు పడ్డప్పుడు మాత్రం పేర్లు చెప్పొద్దు, అవి మీరు తీసుకోవాల్సినవి. పైనుంచి వచ్చిన ఒత్తిడిని ఉన్నదున్నట్టు కిందికి దింపేస్తే మీ ఉద్యోగం పోస్ట్‌మ్యాన్ ఉద్యోగమే.

మీరు ఇన్‌ఛార్జి కాకుండా, కింద పనిచేస్తూ ఇది చదువుతున్నట్టయితే ఒక్క సంగతి. మీ పైవారికి మీ మనసులో ఉన్నది కనపడదు. చెప్పాల్సినది షిఫ్టు మారే హడావుడిలో కాకుండా, పని కాస్త తెరిపినిచ్చినప్పుడు ‘సార్, ఐదు నిమిషాలు’ అని అడిగి చెప్పండి. ‘నన్ను పట్టించుకోవడం లేదు’ అంటే వాళ్లకు అర్థం కాదు. ‘ఆరు నెలల నుంచి నాకు డ్రయ్యర్ పని తప్ప ఇవ్వలేదు, రియాక్టర్ నేర్చుకోవాలని ఉంది’ అనండి. రెండుసార్లు చెప్పినా మారకపోతే, ఆ తేదీలు రాసిపెట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లడం తప్పు కాదు.

ఆరు వారాల తర్వాత

ఒక ఆదివారం ఆ నోటు పుస్తకం తీసి మొదటినుంచి తిరగేయండి. కొన్ని పేజీలు నిండి ఉంటాయి, కొన్నింటిలో పేరు తప్ప ఏమీ ఉండదు. నిండినవి ఎవరివో చూడండి. మీ భాషవాళ్లవా, మీ వయసువాళ్లవా, మీ వైపువాళ్లవా? ఖాళీగా ఉన్న పేజీలే ఇక మీ వచ్చే నెల పని. వారానికి ఇద్దరి చొప్పున వాళ్ల పక్కన కూర్చుని భోజనం చేయండి.

ఏదో ఒక రోజు మిమ్మల్ని వేరే బ్లాకుకు మారుస్తారు. ఆ రోజు మనుషుల ఇంటి సంగతులు రాసిన పేజీలు ఎవరికీ చూపించకండి, అవి మిమ్మల్ని నమ్మి చెప్పినవి. లీవుల పేజీ ఒక్కటి మాత్రం కొత్త ఇన్‌ఛార్జికి ఇచ్చి, ఛఠ్‌కి ఎవరికి మాటిచ్చారో, సంక్రాంతికి ఎవరికి మాటిచ్చారో వేలు పెట్టి చూపించి, ఆయన చేత సంతకం పెట్టించుకోండి.